ముట్టును ఆపే మాత్ర: ఒక చారిత్రక పరిశీలన

1

కొన్నేళ్ళ క్రితం మా పెద్దక్కయ్య కొత్త ఇంటి గృహప్రవేశానికి పది రోజుల ముందు, ఇంట్లోవాళ్ళు ఒక చీటీ ముక్క నా చేతికిచ్చి మందుల దుకాణానికి పంపించారు. చీటీ మీద ఒక మాత్ర పేరు వుంది. ముహూర్తం సరిగ్గా అక్కయ్య నెలసరి రోజుల్లో పడింది. పీటల మీద కూర్చోవలసినది ఆమె. కనుక నెలసరి వాయిదా పడాలి. దుకాణంలో మనిషి చీటీ చూచి, ఒక్క ప్రశ్న అయినా వేయకుండా, మాత్రలు లెక్కపెట్టి కాగితం సంచిలో వేసి ఇచ్చాడు. అక్కయ్యకు అప్పటికే రక్తపోటు వుంది. ఆ సంగతి నేను చెప్పలేదు, అతడూ అడగలేదు. గృహప్రవేశం సలక్షణంగా జరిగింది. ఆ తర్వాత పది రోజుల పాటు అక్కయ్య పడిన అవస్థ మాత్రం భోజనాలకు వచ్చిన బంధువులెవరికీ తెలియదు.

స్త్రీలు గర్భనిరోధక మాత్రల సాయంతో ముట్టును ఆపుకోవచ్చునా, కూడదా అనే చర్చ ఇప్పుడు వైద్యుల మధ్యా, స్త్రీవాదుల మధ్యా, సామాన్య కుటుంబాలలోనూ వినిపిస్తూ వుంది. అది ప్రకృతి ధర్మం, దానిలో చేయి పెట్టరాదని కొందరంటారు. విజ్ఞానం ఇచ్చిన స్వేచ్ఛ అది, నెలనెలా బాధపడడం మౌఢ్యమని మరికొందరంటారు. ఈ రెండు వాదాలకూ ఒక సామాన్య లోపం వుంది. రెండూ స్త్రీ శరీరాన్ని సమాజం నుంచీ, చరిత్ర నుంచీ వేరుచేసి, బల్ల మీద పెట్టిన వస్తువులాగా చూస్తాయి. మాత్రకు ఒక చరిత్ర వుంది. ముట్టుకూ ఒక చరిత్ర వుంది. ఆ రెండూ ఎక్కడ కలుసుకున్నాయో చూడకుండా ఇచ్చే తీర్పు ఏదయినా అరకొర తీర్పే అవుతుంది.

ఇది స్త్రీల సొంత విషయం, పత్రికలలో చర్చించవలసినంత సామాజిక సమస్య కాదని అనుకునే మిత్రులు మనలోనే వున్నారు. ఆ మందుల దుకాణం మెట్లు ఎక్కేదాకా నేనూ అట్లాగే అనుకున్నాను.

2

ముందు మాటలను చూద్దాం. తెలుగులో 'ముట్టు' అంటే తాకడం. అదే మాట నెలసరికి పేరయింది. 'అంటు' అన్నా తాకడమే. ఆ మాట నుంచే 'అంటరానితనం' వచ్చింది. 'బహిష్టు' అంటే బయట వుండేది. అంటే మన భాషలో ఈ శరీర ధర్మానికి వున్న వాడుక పేర్లు శరీరంలో జరిగే పనిని చెప్పవు, ఆ మనిషిని ఎక్కడ వుంచాలో, ఎవరు తాకరాదో చెబుతాయి. కావ్యాలలో 'పుష్పవతి' వంటి అందమైన మాటలు వున్నమాట నిజమే. కాని పుష్పవతికి కూడా వంటింట్లోకి ప్రవేశం లేదు. రజస్వల కాకముందే ఆడపిల్లకు పెళ్ళి చేయాలనే నియమం అగ్రవర్ణాలలో ఎంతమంది పసిపిల్లలను వితంతువులుగా మార్చిందో వీరేశలింగం, గురజాడల తరం ఎరుగును. ముట్టు అనేది కేవలం స్త్రీ శరీరానికి సంబంధించిన సంగతిగా మన సమాజం ఏనాడూ వుంచలేదు. పెళ్ళి, కులం, వంట, దేవుడు, పొలం అన్నీ దాని చుట్టూ అల్లుకొని వున్నాయి.

ఈ నేపథ్యంలోకి ఇరవయ్యో శతాబ్దపు రసాయన శాస్త్రం ఒక మాత్రను తెచ్చింది. నేను ఆనాడు దుకాణంలో కొన్న మాత్రలోని మందు పేరు నోరెథిస్టెరోన్. ఆ ఒక్క మందు పుట్టుపూర్వోత్తరాలు తెలుసుకుంటే మన ప్రశ్నకు సగం సమాధానం దొరుకుతుంది.

3

గర్భం దాల్చిన స్త్రీకి కొత్తగా అండం విడుదల కాదని శాస్త్రజ్ఞులకు చాలాకాలంగా తెలుసు. 1919 ప్రాంతంలో ఆస్ట్రియాలోని ఇన్స్‌బ్రుక్‌లో లూడ్విగ్ హాబర్లాండ్ట్ గర్భంతో వున్న కుందేళ్ళ అండాశయాలను మామూలు కుందేళ్ళకు అమర్చి, వాటికి కొంతకాలం గర్భం రాకుండా చేయగలిగాడు. ఈ పని చేసే హార్మోను ప్రొజెస్టెరోన్. జంతువుల గ్రంథుల నుంచి తీయవలసి రావడం వల్ల దాని ధర విపరీతంగా వుండేది. 1940ల మొదట్లో రస్సెల్ మార్కర్ అనే అమెరికన్ రసాయన శాస్త్రజ్ఞుడు, మెక్సికో అడవులలో పెరిగే ఒక జాతి అడవి పెండలపు దుంప నుంచి దానిని తయారుచేశాడు. 1944లో మెక్సికో నగరంలో సింటెక్స్ కంపెనీ ఏర్పడింది. దక్షిణ మెక్సికో అడవులలో పేద రైతులు దుంపలు తవ్వి బస్తాలకెత్తేవారు. వాటితో హార్మోన్ల పరిశ్రమ నిలబడింది.

1951 అక్టోబరు 15న ఆ కంపెనీ ప్రయోగశాలలో, కార్ల్ జెరాసీ, జార్జి రోజెన్‌క్రాంజ్‌ల నాయకత్వాన, లూయిస్ మిరామోంటెస్ అనే 26 ఏళ్ళ యువకుడు నోరెథిస్టెరోన్ తయారీని పూర్తిచేశాడు. నోటి ద్వారా తీసుకున్నా బలంగా పనిచేయడం దీని విశేషం. దీనిని తయారుచేసినవారి మనస్సులో అప్పటికి వున్నది గర్భనిరోధం కాదు. ముట్టుకు సంబంధించిన వ్యాధులకూ, గర్భస్రావాలకూ మందు కావాలని వారు వెదికారు. ఇది గుర్తుంచుకోవలసిన సంగతి.

గర్భనిరోధం కావాలని వెదికినవారు వేరు. మార్గరెట్ సాంగర్ తల్లి 18 సార్లు గర్భం ధరించింది. న్యూయార్కు మురికివాడలలో నర్సుగా పనిచేసిన సాంగర్, 1916లో బ్రూక్లిన్‌లో గర్భనిరోధక సలహా కేంద్రం తెరిచి జైలుకు వెళ్ళింది. 1935 డిసెంబరులో వార్ధా వచ్చి గాంధీజీతో వాదించింది. ఆయన నిగ్రహం తప్ప మరో సాధనాన్ని అంగీకరించలేదు. ఈమె చరిత్రలో వెలుగుతో పాటు చీకటి కూడా వుంది. 'యోగ్యులు' మాత్రమే పిల్లలను కనాలనే సుప్రజనన వాదాన్ని ఆమె సమర్థించింది. పేద స్త్రీకి విముక్తి కావాలనే కోరికా, పేదల సంఖ్య తగ్గాలనే కోరికా ఒకే ఉద్యమంలో పక్కపక్కన నడిచాయి. ఆ రెంటి మధ్య ఘర్షణ మాత్ర చరిత్ర పొడుగునా కనిపిస్తుంది.

1951లో సాంగర్ జీవశాస్త్రజ్ఞుడు గ్రెగరీ పింకస్‌ను కలుసుకుంది. కాథరిన్ మెక్‌కార్మిక్ అనే సంపన్న మహిళ, తానే జీవశాస్త్ర పట్టభద్రురాలు, సుమారు 20 లక్షల డాలర్లు ఇచ్చింది. పింకస్, మిన్ చ్యూ చాంగ్ జంతువుల మీద ప్రయోగాలు చేశారు. స్త్రీల మీద ప్రయోగానికి వైద్యుడు కావాలి. హార్వర్డ్‌లో ఆచార్యుడుగా వున్న కాథలిక్కు వైద్యుడు జాన్ రాక్ ముందుకు వచ్చాడు. మసాచుసెట్స్ రాష్ట్రంలో గర్భనిరోధం నేరం గనుక, పరిశోధనను సంతాన సాఫల్యం కోసమని చెప్పుకున్నారు.

మన ప్రశ్నకు మూలమయిన ఘట్టం ఇక్కడే జరిగింది. రాక్ తన దగ్గరకు సంతానం కోసం వచ్చే స్త్రీలకు హార్మోన్లను విరామం లేకుండా ఇచ్చేవాడు. ముట్టు ఆగిపోయేది. గర్భం నిలిచిందని వాళ్ళు ఆశపడి, కాదని తెలిసి కుంగిపోయేవారు. నెలకు 20 రోజులు మందు ఇచ్చి ఆపితే ముట్టు వంటి స్రావం వస్తుందనీ, అప్పుడు ఈ భ్రమ వుండదనీ పింకస్ సూచించాడు. మాత్ర మింగే నెలలో రక్తం కనబడే ఆ కొద్ది రోజులు ఇట్లా పుట్టాయి. ఆ విరామం వల్ల ఇంకా రెండు ప్రయోజనాలు నెరవేరాయి. తాను గర్భవతిని కాదని స్త్రీకి నెలనెలా ధైర్యం కలిగింది. మాత్ర ప్రకృతికి విరుద్ధం కాదనీ, శరీరం తానే చేసే పనికి తోడ్పడుతున్నదనీ చర్చికి చెప్పుకోవడానికి రాక్‌కు ఆధారం దొరికింది. 1963లో ఆయన ఒక పుస్తకం రాసి మరీ ఈ వాదన వినిపించాడు. 1968లో ఆరవ పాల్ పోపు తన ప్రకటనలో మాత్రను నిరాకరించాడు. పోపు ఒప్పుకోలేదు గాని, ఆయనను ఒప్పించడానికి పనికివచ్చిన ఏడు రోజుల విరామం మాత్రం కోట్ల అట్టలలో అచ్చుపడి స్థిరపడిపోయింది.

స్త్రీల మీద పెద్ద ఎత్తున ప్రయోగం ఎక్కడ జరిగింది? అమెరికా ఏలుబడిలో వున్న పోర్టో రికో ద్వీపంలో. 1956 ఏప్రిల్‌లో రియో పియెద్రాస్ పట్టణంలోని పేదల గృహ సముదాయంలో ఇది మొదలయింది. దానికి ఎంచుకున్న మాత్ర, సియర్ల్ కంపెనీ తయారుచేసిన ఎనోవిడ్. అందులోని మందు నోరెథిస్టెరోన్‌కు దగ్గర చుట్టం. ఆనాటి మోతాదులో 10 మిల్లీగ్రాముల ప్రొజెస్టిన్ వుండేది. ఈనాటి మాత్రలలో చాలావాటిలో అది ఒక మిల్లీగ్రాముకు మించదు. అక్కడి స్త్రీలకు గర్భం రాకుండా మాత్ర ఇస్తున్నామని చెప్పారేగాని, ఇది ప్రయోగమని చెప్పలేదు. ప్రయోగాన్ని నడిపిన డాక్టర్ ఎడ్రిస్ రైస్ రే, నూటికి 17 మంది స్త్రీలు వికారం, తలతిరుగుడు, తలనొప్పి, వాంతులతో బాధపడుతున్నారనీ, మాత్ర పనిచేస్తుంది గాని అందరికీ ఇవ్వదగినది కాదనీ నివేదించింది. అది చాలావరకు మనస్సుకు సంబంధించిన బాధ అని పింకస్ కొట్టివేశాడు. స్త్రీ తన ఒంట్లో బాధ అని చెబితే అది మనస్సులో బాధ అని పురుషుడు తీర్పు చెప్పడం మన ఇళ్ళలోనూ కొత్త కాదు.

1957లో అమెరికా ప్రభుత్వం ఎనోవిడ్‌ను అనుమతించింది. దేనికోసం? ముట్టు వ్యాధుల కోసం. అండం విడుదలను ఆపుతుందనే హెచ్చరిక దానితోనే వుంది. హఠాత్తుగా ఆ దేశంలో లక్షల మంది స్త్రీలకు ముట్టు వ్యాధులు వచ్చాయి! గర్భనిరోధానికి అనుమతి వచ్చినది 1960లో. మాత్ర సమాజంలోకి ముట్టు వాకిలి గుండానే ప్రవేశించిందన్నమాట. ముట్టును ఆపడం దాని కొత్త ఉపయోగమని ఈనాడు అనుకుంటున్నవారు ఈ చరిత్రను మరచిపోతున్నారు.

4

ఇప్పుడు ప్రకృతివాదుల వాదన చూద్దాం. ముట్టు సహజం, దానిని ఆపితే చెడు నెత్తురు లోపలే నిలిచిపోతుందని వారి భయం. మాత్రలు వాడే స్త్రీ విషయంలో ఈ భయానికి ఆధారం లేదు. మామూలు నెలలో అండం విడుదలవుతుంది, గర్భాశయపు లోపలి పొర గర్భం కోసం మందంగా పెరుగుతుంది, గర్భం రాకపోతే రాలిపోతుంది. అదే ముట్టు. సాధారణ మాత్ర అండాన్ని విడుదల కానివ్వదు, పొరను మందంగా పెరగనివ్వదు. అట్టలోని మాత్రలు అయిపోయి హార్మోను తగ్గినప్పుడు ఆ పల్చని పొర కాస్త రాలుతుంది. విరామపు వారంలో కనబడేది అదే. లోపల పేరుకొని నిలవవుండే నెత్తురంటూ ఏదీ లేదు. మన ప్రభుత్వం ఉచితంగా ఇచ్చే మాలా-ఎన్ అట్టలో 28 మాత్రలుంటాయి. 21 హార్మోను మాత్రలు, 7 ఇనుము మాత్రలు. ఆ ఏడు రోజులలో ఇనుము ఇవ్వడం మంచిదే. కాని ఆ ఏడు రోజుల విరామాన్ని నిర్ణయించినది ప్రకృతి కాదు, 1950ల అమెరికాలో కొందరు పురుషులు చేసుకున్న సర్దుబాటు. ఆచారం ప్రకృతి వేషం వేసుకొని తిరగడం మనకు కొత్త కాదు. ఇక్కడ ప్రయోగశాలలో పుట్టిన ఆచారం కూడా ఆ వేషం వేసింది. విరామం లేకుండా మాత్రలు వాడే పద్ధతికి అమెరికాలో 2007లో అనుమతి వచ్చింది. ఏడు రోజుల విరామం వల్ల ఆరోగ్యానికి ప్రత్యేక లాభమేమీ లేదని బ్రిటన్‌లోని ప్రజనన ఆరోగ్య వైద్యుల సంస్థ 2019 జనవరిలో స్పష్టంగా చెప్పింది.

అయితే ఎదుటి పక్షం కూడా ప్రకృతినే సాక్షిగా పిలుస్తుంది. ఆఫ్రికాలోని మాలి దేశంలో డోగోన్ తెగ స్త్రీలను పరిశీలించిన మానవశాస్త్రజ్ఞురాలు బెవర్లీ స్ట్రాస్‌మన్, వారికి జీవితకాలంలో సుమారు 100 సార్లు మాత్రమే ముట్టు వస్తుందని లెక్కకట్టింది. ఆధునిక నగర స్త్రీకి ఇది సుమారు 400. ఎక్కువసార్లు ముట్టు రావడమే అసహజమనీ, కనుక ఆపడమే ప్రకృతికి దగ్గరనీ కొందరు వాదించారు. బ్రెజిల్ వైద్యుడు ఎల్సిమార్ కుటీన్యో ముట్టు కాలం చెల్లినదా అనే ప్రశ్ననే తన పుస్తకానికి పేరుగా పెట్టాడు. ఈ వాదనలో కొంత నిజం వుంది. కాని డోగోన్ స్త్రీకి ముట్టు తక్కువ రావడానికి కారణమేమిటి? ఎనిమిదీ తొమ్మిదీ కాన్పులు, ఏళ్ళ తరబడి చంటిపిల్లలకు పాలివ్వడం. మన అమ్మమ్మల తరంలో కూడా అంతే. అది ప్రకృతి ప్రసాదించిన విశ్రాంతి కాదు, గర్భభారం రూపంలో చెల్లించిన మూల్యం. మరొక విశేషమేమంటే, ఈ లెక్క కట్టడం సాధ్యమయింది అక్కడ ముట్టు గుడిసెలుండబట్టే. స్త్రీలు గుడిసెకు వెళ్ళిన రాత్రులను పరిశోధకురాలు రెండేళ్ళ పాటు లెక్కపెట్టి, హార్మోను పరీక్షలతో సరిచూసింది. రాయలసీమ, కర్ణాటక సరిహద్దు పల్లెలలో అటువంటి గుడిసెలు మన కాలంలోనూ వార్తలకెక్కాయి. ఎక్కువ ముట్టైనా తక్కువ ముట్టైనా, ప్రకృతి ఒంటరిగా ఎక్కడా లేదు. ప్రతిచోటా సమాజం దాని చేయి పట్టుకొని వుంది.

వైద్యరీత్యా నిజమేమిటో సూటిగా చెప్పుకోవాలి. గర్భాశయపు పొర బయట పెరిగి నెలనెలా ప్రాణం తోడేసే ఎండోమెట్రియోసిస్ వున్న స్త్రీకి ముట్టును ఆపడం చికిత్స. అధిక రక్తస్రావంతో రక్తం తరిగిపోయే స్త్రీకి అది రక్షణ. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం మన దేశంలో 15 నుంచి 49 ఏళ్ళ స్త్రీలలో నూటికి 57 మందికి రక్తహీనత వుంది. అటువంటి దేశంలో రక్తం పోకుండా ఆపగల మందును అపవిత్రమనడం క్రూరత్వం. అదే సమయంలో ఇది మిఠాయి బిళ్ళ కాదు. ఈస్ట్రోజెన్ వున్న మాత్రల వల్ల రక్తం గడ్డకట్టే ప్రమాదం స్వల్పంగా పెరుగుతుంది. రక్తపోటు వున్నవారికీ, ఒక రకం పార్శ్వపు నొప్పి వున్నవారికీ, 35 ఏళ్ళు దాటి పొగతాగేవారికీ, కాలేయ వ్యాధి వున్నవారికీ అవి తగవు. వాయిదా కోసం పెద్ద మోతాదులో మింగే నోరెథిస్టెరోన్ కూడా కొంతవరకు శరీరంలో ఈస్ట్రోజెన్‌గా మారుతుంది. విరామం లేకుండా వాడితే మొదటి నెలలలో వేళాపాళా లేని రక్తస్రావం మామూలే. ఇవన్నీ ఒక వైద్యుడు అయిదు నిమిషాలలో అడిగి తెలుసుకోదగిన సంగతులు. ఆ అయిదు నిమిషాలు మా అక్కయ్యకు దక్కలేదు.

5

ఇక రెండవ పక్షం, స్వేచ్ఛావాదం. ముట్టు లేకుండా చేసుకోవడం స్త్రీ స్వేచ్ఛ అని వీరంటారు. మంచిదే. అయితే స్వేచ్ఛ అనే మాట అంగట్లో కనబడిన ప్రతిసారీ దాని వెల ఎవరు కడుతున్నారో చూడడం మన బాధ్యత. 2003లో అమెరికాలో ఏడాదికి నాలుగుసార్లే ముట్టు వచ్చే మాత్ర అట్టలు విడుదలయ్యాయి. కొత్త మందు ఏదీ కనిపెట్టలేదు. పాత మాత్రలనే కొత్త లెక్కలో అట్టకెత్తారు. విరామం అనవసరమని నాలుగు దశాబ్దాలు చెప్పని పరిశ్రమ, అమ్మకానికి పనికివచ్చినప్పుడు చెప్పింది.

మన దేశంలో ఈ స్వేచ్ఛ ఏ రూపంలో వచ్చిందో చూడండి. మహారాష్ట్రలోని బీడ్ జిల్లా నుంచి ఏటా లక్షలాది మంది చెరుకు నరకడానికి వలసపోతారు. భార్యాభర్తలను ఒక జతగా గుత్తకు మాట్లాడుకుంటారు. ఒక రోజు పని మానితే జరిమానా. నీళ్ళు లేవు, చాటు లేదు, ముట్టు వస్తే పని ఆగుతుంది. 2019లో రాష్ట్ర ప్రభుత్వం నియమించిన సంఘం 82 వేలకు పైగా స్త్రీలను విచారించగా, 13 వేలకు పైగా స్త్రీలకు గర్భసంచి తీసివేసినట్టు తేలింది. అదే ఏడాది తమిళనాడు బట్టల మిల్లులలో, ముట్టు నొప్పితో పని మందగించిన యువతులకు మేస్త్రీలు పేరులేని మాత్రలు పంచుతున్నారని వార్తాసంస్థ పరిశోధనలో బయటపడింది. అవి హార్మోను మాత్రలు కావు, నొప్పి మాత్రలు. కాని తర్కం ఒక్కటే: యంత్రం ఆగరాదు, కనుక శరీరం ఆగాలి.

మనం తెలుగువాళ్ళం దూరంగా నిలబడి దీనిని విమర్శించే స్థితిలో లేము. 2015-16 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో 15-49 ఏళ్ళ స్త్రీలలో గర్భసంచి తొలగించబడినవారు దేశం మొత్తం మీద నూటికి 3.2 అయితే, తెలంగాణలో 7.7, ఆంధ్రప్రదేశ్‌లో 8.9. దేశంలోకెల్లా మొదటి స్థానం మనది. వీటిలో అవసరమైన శస్త్రచికిత్సలు వుండవచ్చు. కాని పక్క రాష్ట్రాల స్త్రీలకు లేని జబ్బు మన స్త్రీలకే రెట్టింపుగా వుందని ఏ వైద్యుడూ చెప్పలేడు. ఒక మాత్రతో, ఒక సలహాతో తగ్గగల రక్తస్రావానికి అవయవాన్నే కోసివేసే చోట, మాత్ర వాడవచ్చునా అన్న ప్రశ్న ఎంత సుకుమారంగా వినబడుతుందో గ్రహించవచ్చు. 2019-21 లెక్కల ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లో వివాహిత స్త్రీలలో నూటికి 70 మంది, తెలంగాణలో 62 మంది ఆపరేషన్ చేయించుకున్నవారే. కుటుంబ నియంత్రణకు మన స్త్రీ మాత్రను ఎరగదు. పెళ్ళికీ, వ్రతానికీ, తిరుపతి ప్రయాణానికీ ఎరుగును. తన కడుపు విషయంలో తనకు దొరకని మాత్ర, దేవుడి మడి విషయంలో మాత్రం చీటీ లేకుండా దొరుకుతుంది. మెక్సికోలో శాస్త్రం కన్న బిడ్డను మనం తెచ్చి మైలకు కాపలా పెట్టాం.

అదే నోరెథిస్టెరోన్ మరో రూపంలో మన గడ్డ మీద మరో పోరాటానికి కారణమయింది. దానినే ఇంజెక్షన్‌గా మార్చినది నెట్-ఎన్. ముట్టును క్రమం తప్పించడం, ఒక్కొక్కప్పుడు పూర్తిగా ఆపివేయడం దాని లక్షణం. 1985లో హైదరాబాదు దగ్గర పటాన్‌చెరు ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో దాని ప్రయోగానికి స్త్రీలను సమీకరించారు. ఇది ప్రయోగమన్న సంగతి ఆ స్త్రీలకు చెప్పలేదు. స్త్రీశక్తి సంఘటన కార్యకర్తలు అక్కడకు వెళ్ళి నిలదీశారు. 1986లో ఇతర సంఘాలతో కలిసి సుప్రీంకోర్టులో రిట్ వేశారు. పోర్టో రికోలో 1956లో జరిగినదే ముప్ఫై ఏళ్ళ తర్వాత పటాన్‌చెరులో జరగబోయింది. తేడా ఒక్కటే, ఇక్కడ ప్రశ్నించడానికి స్త్రీలు సంఘంగా నిలబడ్డారు.

అమెరికాలోనూ మార్పు వచ్చినది అట్లాగే. 1969లో బార్బరా సీమన్ అనే రచయిత్రి మాత్రల ప్రమాదాల మీద పుస్తకం ప్రచురించింది. 1970 జనవరిలో సెనేటర్ గేలార్డ్ నెల్సన్ విచారణ జరిపినప్పుడు, మాత్రలు మింగే స్త్రీలలో ఒక్కరినైనా సాక్షిగా పిలవలేదు. ప్రేక్షకులలో కూర్చున్న యువతులు లేచి అడ్డుపడ్డారు. ఫలితంగా, ప్రమాదాలను వివరించే చీటీ మాత్రలతో పాటు ఇవ్వాలనే నిబంధన ఆ ఏడాదే వచ్చింది. మాత్ర మోతాదు తగ్గింది, భద్రత పెరిగింది. వాళ్ళు మాత్రను తగలబెట్టమనలేదు, దాని గురించి తెలుసుకునే హక్కు అడిగారు. ప్రకృతివాదులకూ, కంపెనీలకూ ఏకకాలంలో ఇచ్చిన సమాధానం అది.

6

కనుక స్త్రీ మాత్రతో ముట్టును ఆపుకోవచ్చునా అంటే, వైద్య సలహాతో, తన అవసరం కోసం, తన ఇష్టంతో అయితే నిస్సందేహంగా ఆపుకోవచ్చు. ఆ నెత్తురులో పవిత్రత లేదు, అపవిత్రతా లేదు. నొప్పి భరించడం స్త్రీత్వానికి పరీక్ష కాదు. కాని మేస్త్రీ జరిమానా వేస్తాడనీ, మరుగుదొడ్డి లేదనీ, మడి చెడుతుందనీ ఆపుకోవలసి వస్తే, అక్కడ ఆగవలసినది ముట్టు కాదు. ఆ జరిమానా ఆగాలి, ఆ మైల ఆగాలి. శరీరాన్ని పనికి తగినట్టు మలచడమే ఏకైక మార్గం కాదు, పనిని శరీరానికి తగినట్టు మలచడం కూడా సాధ్యమే. జపాన్ 1947 నాటి కార్మిక చట్టంలోనే ముట్టు సెలవు చేర్చింది. మన దేశంలో బీహారు ప్రభుత్వం 1992లో తన మహిళా ఉద్యోగులకు నెలకు రెండు రోజులు ఇచ్చింది. చెరుకు తోటకు ఆ సెలవు ఇంకా చేరలేదు.

మన కళాశాలల సంగతే చూసుకుందాం. తాళం వేసిన ఆడపిల్లల మరుగుదొడ్డి, పరీక్షల వారంలో గుట్టుగా చేతులు మారే మాత్రల అట్ట, పాఠ్యపుస్తకంలో ప్రజనన వ్యవస్థ దగ్గరకు రాగానే ఇంట్లో చదువుకోండని పేజీ తిప్పేసే ఉపాధ్యాయుడు, ఇవి మనం ఎరగనివి కావు. ఆ పేజీ తిప్పకుండా చెప్పడం, ఆ తాళం తీయించడం, ఆరోగ్య కేంద్రంలో ఒక వైద్యురాలు వుండేట్టు పట్టుబట్టడం చిన్న పనులుగా కనబడతాయి. పటాన్‌చెరులో కూడా పని ఒక ప్రశ్నతోనే మొదలయింది: ఈ సూది ఏమిటో ఈమెకు చెప్పారా?

ఈ వ్యాసం రాసే ముందు అక్కయ్యను అడిగాను, ఆ మాత్రలు నీకు ఇష్టమై వేసుకున్నావా అని. ఆమె కూరగాయలు తరుగుతూ తల ఎత్తకుండానే అన్నది: "నన్నెవరు అడిగార్రా? ముహూర్తాన్ని జరపడం కుదరలేదు, నన్ను జరిపారు." ఆ చీటీ పట్టుకుని దుకాణానికి వెళ్ళినవాడిని నేనే గనుక, ఆ మాటకు నా దగ్గర జవాబు లేదు. అడగవలసిన ఆ ఒక్క మాట పదేళ్ళ ఆలస్యంగా అడిగాను.